మన వస్తువుల ఫోటోలు తీస్తున్నరు, మనల్ని మాత్రం అడుగుతలేరు



మొన్న మా హాస్టల్ పిల్లలం ఒక మ్యూజియం చూడపోయినం. ఏ మ్యూజియం అన్నది ఇక్కడ అవసరం లేదు. అద్దాల పెట్టెలో పెప్రె ఉంది, కాలికోమ్ ఉంది, పక్కన ఒక కికిరి ఉంది. మూడింటి కిందా ఒకటే మాట: "గిరిజన సంగీత వాయిద్యం". మాతో వచ్చిన ప్రధాన్ తమ్ముడు కికిరి ముందు చాలాసేపు నిలబడ్డడు. వాళ్ల తాత వాయిస్తడు. ఏ ఇంటిపేరు వాళ్ల దేవుని కథ ఎక్కడ ఎత్తుకోవాలో ఆయనకు తెలుసు. "ఇది ఏ ఊరిది సార్?" అని అక్కడి ఉద్యోగిని అడిగితే "రిజిస్టర్‌లో లేదు" అన్నడు. కొంచెం సేపటికి ఆయనే, ఇవన్నీ త్వరలో డిజిటల్ చేస్తున్నం, ప్రపంచమంతా ఫోన్‌లో చూస్తది అని గర్వంగా చెప్పిండు.

ఊరు తెలియదు. చేసినోళ్లు తెలియదు. మన భాషలో దాని పేరు కూడా తెలియదు. మరి డిజిటల్ చేసేది ఏంది? అద్దం పెట్టెలో ఉన్న తప్పును ఫోన్‌లోకి ఎక్కిస్తరు, అంతే గదా.

మేము డిజిటల్ వద్దు అంటలేము. నెమలి ఈకలకు పురుగు పడతది, కట్టె పుచ్చుతది, పాత కాగితం పొడి అయిపోతది. ఫోటో, రికార్డింగ్ ఉండాల్సిందే. కానీ ముందు ఊరికి రావాలె, మనుషులను అడగాలె, ఆ తర్వాత కెమెరా తీయాలె అంటున్నం. ఇప్పుడు ఆ వరుస తిరగబడింది.

హైమన్‌డార్ఫ్ సంగతి మనందరికీ తెలుసు. 1940లో కుమ్రం భీం అమరుడైనంక నిజాం సర్కారు ఆయనను మన జిల్లాకు పంపింది. మర్లవాయిలో ఉన్నడు, మన పెద్దలతో కలిసి తిన్నడు, భూముల కోసం మాట్లాడిండు. ఆయన సమాధి, బెట్టీ ఎలిజబెత్ సమాధి మర్లవాయిలోనే ఉన్నయి. ఆయన మీద మాకు కోపం లేదు. కానీ ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నయి, చాలావరకు ఆన్‌లైన్‌లోకి వచ్చినయి. ఆ ఫోటోలో డోల్ పట్టుకున్నాయన ఎవరి ముత్తాతో లండన్‌లో ఎవరు చెప్తరు? మన గూడెంలో అరుగు మీద కూర్చున్న అవ్వకు చూపిస్తే ముఖం చూసి ఇంటిపేరు చెప్తది. ఆ అవ్వ దగ్గరికి ఫోటో రానంత కాలం ఆ పని సగమే అయినట్టు.

పద్ధతిగా చేస్తే ఎట్లుంటదో మన దగ్గరే ఉదాహరణ ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డప్పుడు వాటిని చదవగలిగిన కొద్దిమంది పెద్దలు ఆ ఊళ్లోనే ఉన్నరు. పండితులు వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నరు, అక్షరం అక్షరం నేర్చుకున్నరు. తర్వాత వాచకాలు వచ్చినయి, ఫాంట్ వచ్చింది, 2018లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరింది. ముసలాయన నోట్లో ఉన్న అక్షరం మన ఫోన్‌లోకి వచ్చిందంటే మధ్యలో ఊరు ఉంది కాబట్టే.

ఇంకో మాట. అన్నీ అందరికీ చూపించేవి కావు. పెర్సపేన్‌ను ఎవరు ముట్టాలో, ఎప్పుడు బయటికి తీయాలో కటోడకు, ఇంటి పెద్దలకు తెలుసు. మెస్రం ఇంటికి వచ్చిన కొత్త కోడలు కూడా భేటింగ్ అయినంకనే నాగోబాను దర్శించుకుంటది. మన ఇంటి కోడలికే అంత పద్ధతి ఉంటే, స్కానర్‌కు ఏ పద్ధతీ వద్దా?

"కంప్యూటర్‌లో అట్లాంటివి కుదరవు" అనేటోళ్లకు ఒక జవాబు ఉంది. ఆస్ట్రేలియాలో టెనెంట్ క్రీక్ దగ్గర వారుముంగు ఆదివాసులు 2007లో పరిశోధకులతో కలిసి ముకుర్తు అని ఒక డిజిటల్ భాండాగారం పెట్టుకున్నరు. పవిత్రమైన వస్తువులు దాచుకునే సంచికి వాళ్ల భాషలో ఉన్న పేరు అది. ఏ ఫోటో ఆడవాళ్లే చూడాలె, ఏది ఆ కుటుంబమే చూడాలె, చనిపోయినోళ్ల ఫోటో ఎప్పుడు చూపొద్దు అన్నది వాళ్లే నిర్ణయిస్తరు. ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కుదరకపోవడం కాదు, అడగాలని అనిపించకపోవడం.

మనలో కొందరు అన్నలు "మ్యూజియంలకు ఏమీ ఇవ్వొద్దు, చెప్పొద్దు" అంటరు. వాళ్ల కోపం మాకు అర్థమైతది. కానీ దాచిపెట్టుకుంటే ఎవరి దగ్గర మిగులుతది? 2024లో ఒకే ఏడాది రెండు దెబ్బలు తిన్నం. కోయ డోలు మీద వంశ కథలు పాడిన సకిని రామచంద్రయ్య తాత పోయిండు, మర్లవాయి గుస్సాడీ కనకరాజు తాత పోయిండు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. వీడియోలు చాలా ఉన్నయి. కానీ ఆ అడుగు ఎందుకట్ల వేస్తరు, ఆ కథలో ఆ పేరు ఎందుకొస్తది అని ఎవరు పక్కన కూర్చొని అడిగిరి? మనం అడిగినమా?

అందుకే మేము కోరేది ఇది.

ఒకటి, ఊరి వస్తువును డిజిటల్ చేసే ముందు ఆ ఊరి గ్రామసభలో చెప్పాలె. సంప్రదాయాలను, సంస్కృతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టమే చెప్తది. మనల్ని అడగడం వాళ్ల దయ కాదు.

రెండు, ప్రతి వస్తువు కింద మన భాషలో పేరు, ఊరు, తెలిస్తే చేసినోళ్ల పేరు రాయాలె. తెలియకపోతే "తెలియదు, తెలిసినోళ్లు చెప్పండి" అని రాయాలె.

మూడు, చూపొద్దని పెద్దలు చెప్పినవి ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. ఇప్పటికే పెడితే తీసేయాలె.

నాలుగు, ఫోటోల, పాటల కాపీ ఊరి బడికి, పెద్దల చేతికి తిరిగి రావాలె. నెట్ రాని గూడేలకు పెన్‌డ్రైవ్‌లోనైనా రావాలె.

ఐదు, చెప్పిన పెద్దలకు కూలి కట్టివ్వాలె. మ్యూజియంలో వివరాలు రాసే ఉద్యోగాల్లో చదువుకున్న మన పిల్లలుండాలె. గేటు దగ్గర స్వాగత నృత్యానికి మాత్రమే పిలిస్తే మేము రాము.

మరి మన వంతు? దండారీకి ఇంటికి పోతం, గుస్సాడీ రీల్ తీస్తం, పాట పెట్టి వదుల్తం. ఆ టోపీ కట్టిన తాత పేరు మనం కూడా రాయం. అంటే మ్యూజియం చేసిన తప్పే మనం చేస్తున్నం. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చుందాం. ముందు అడుగుదాం, ఆ తర్వాత ఫోన్ తీద్దాం. వద్దంటే జేబులో పెట్టుకుందాం. సరే అంటే పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నరో రాసుకొద్దాం.

మా ప్రధాన్ తమ్ముడు ఇప్పటికే వాళ్ల తాతకు ఫోన్ చేసి ఆ కికిరి ఫోటో పంపిండు. తాత ఫోటో చూసి మొదట అడిగింది ఇదేనంట: "తీగలు ఎవరు తెంపిన్రు?" అది మా ఎవ్వరికీ కనబడలేదు. మ్యూజియంకూ కనబడలేదు.

జై కుమ్రం భీం. జై ఆదివాసీ.