లుంగీ చాటు బరువు
రేణిగుంటలోని మా మామూజాన్ నాలుగేళ్లుగా కుర్చీలో కూర్చునే నమాజు చేస్తుంటే మోకాళ్ల నొప్పి కాబోలనుకున్నాము. అసలు కారణం వరిబీజమని ముమానీకి సైతం చెప్పలేదు. లుంగీ చాటున అంత బరువు మోసిన మనిషికి ఒక్క మాట బరువైంది!

తిరుపతిలో వైద్యులు స్కానింగు చేయించి, వృషణం చుట్టూ నీరు చేరిందనీ, హెర్నియా కాదనీ రూఢి చేసుకున్నారు. గుండెజబ్బు మనిషి గనుక కత్తి జోలికి పోలేదు. ఆ చోట మాత్రమే మత్తుమందిచ్చి, సూదితో నీటిని తీసి, పొరలు అతుక్కునే మందు ఎక్కించారు. నీరు మాత్రమే తీసి వదిలితే మళ్లీ నిండుతుందట. మందు వేసినా కొందరికి రెండోసారి అవసరపడుతుందనీ, శస్త్రచికిత్స అయితే తిరగబెట్టడం అరుదనీ దాచకుండా చెప్పారు.

సాయంత్రానికే ఇల్లు చేరారు. మూడో జుమా నాడు మామూజాన్ సఫ్‌లో మా పక్కనే నిలబడి, నేలపై సజ్దా చేశారు. ముమానీ మాత్రం ఆ నాలుగేళ్ల మౌనాన్ని ఇంకా క్షమించలేదు.