ఫలితాల తర్వాతి ఆదివారం

2023 ఏప్రిల్ 26న ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక, రెండు రోజుల్లో మన రాష్ట్రంలో తొమ్మిది మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఫలితాల తర్వాతి ఆదివారం చాలా సంఘాల్లో మంచి మార్కులు వచ్చిన పిల్లలను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పిస్తారు. తప్పిన బిడ్డ ఆ రోజు గుడికే రాడు. మన ఆలోచన వాడి గురించి.

గుడివాడ, అవనిగడ్డ, కైకలూరు వైపు నుంచి ఎందరో తల్లిదండ్రులు అప్పు చేసి మరీ పిల్లలను విజయవాడ చుట్టుపక్కల హాస్టళ్లలో చేర్పిస్తారు. ఆ అప్పు సంగతి పిల్లలకు తెలుసు. అలాగని మార్కులే కారణమని తేల్చేయలేం. నెలల తరబడి పేరుకున్న దిగులు, ఒంటరితనం, అవమానం, ఇంటి గొడవలు కూడా ఉంటాయి.

బిడ్డ నిద్ర, తిండి మారిపోయినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, "నేను మీకు భారం" అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కర్లేదు, పరిశోధనలు అలా జరగదనే చెబుతున్నాయి. అవునంటే కోప్పడకండి, వాక్యం ఎత్తి గద్దించకండి, ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న పురుగుమందులు, మాత్రలు వెంటనే అందకుండా తీసేయండి. డెల్టా రైతు ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడం మానొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటివారిని శిక్షకు కాదు, చికిత్సకు తగినవారిగా చూస్తుంది.

బదరీవృక్షం కింద ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆత్మహత్య క్షమాపణ లేని పాపమని వేదిక మీద గర్జించేవారు ఆ అధ్యాయం మరోసారి చదవాలి. ఆ గర్జన వింటే బిడ్డ నోరు మూసుకుంటాడు, తల్లి దాచిపెడుతుంది.

విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన విద్యార్థిని మరణంపై 2025 జూలై 25న తీర్పిస్తూ, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ చూసేముందు ఆ కౌన్సెలర్ ఎవరో అడగండి.

కాపరులకు మా మనవి ఒకటే. ఈసారి ఫలితాల తర్వాతి ఆదివారం ప్రకటనల్లో సప్లిమెంటరీ ఫీజుకు చివరి తేదీ కూడా చదవండి. ఆ సాయంత్రమే తప్పిన పిల్లల ఇళ్లకు వెళ్లి, వాళ్లతో కలిసి భోంచేసి రండి.