మందు కన్నా ముందు నీళ్ల లెక్క

ఊళ్లలో పెంకుటిళ్లు తగ్గి డాబాలు పెరిగాయి. వాటితో పాటు మందు డబ్బాల వ్యాపారమూ పెరిగింది. స్లాబు కారుతోందన్నా, గచ్చు పొడి రాలుతోందన్నా దుకాణంలో ఒక డబ్బా చేతిలో పెడుతున్నారు. అది ఏ పని చేస్తుందని అడిగేవారు తక్కువ, చెప్పేవారు ఇంకా తక్కువ.

కాంక్రీటుకు మందు వాడటం మోసమేమీ కాదు. గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపిన నాటి మేస్త్రీలకు ఇలాంటివి తెలిసినవే. సిమెంటు గట్టిపడేటప్పుడు కొంత సున్నం బయటపడుతుంది. దానికి బలం లేదు. నీరు దిగితే కరిగి వస్తుంది. కారే స్లాబు అడుగున కనబడే తెల్లచారలు చాలావరకు అవే. సోడియం సిలికేటు ద్రావణం గచ్చుకు పట్టిస్తే ఈ సున్నంతో కలిసి గట్టి పదార్థమై సన్న రంధ్రాలను పూడుస్తుంది. ధాన్యం గోదాములకు, మిల్లులకు పనికొచ్చే మందే. అయితే అది దిగేది పైపైన కొద్ది మిల్లీమీటర్లే. పగిలిన స్లాబును అతికించదు. తుప్పుపట్టిన చువ్వను బాగుచేయదు. ఈ మాట చెప్పకుండా అమ్మడమే అన్యాయం.

థర్మల్ కేంద్రాల బూడిద ఇదే పనిని లోపలి నుంచి చేస్తుంది. బూడిద సిమెంటు అంటే కల్తీ అనుకోవడం అపోహ. పి.పి.సి. రకంలో 15 నుంచి 35 శాతం బూడిద ఉండవచ్చని ప్రమాణాలే చెబుతున్నాయి. అది నిదానంగా చిక్కబడుతుంది కనుక కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకూడదు. మూడో రోజుకే నీళ్లు పట్టడం మానేస్తే బూడిద బూడిదగానే మిగులుతుంది.

అసలు తంటా మాలు కలిపే చోటే. స్లాబుకు 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీళ్లు మించకూడదు. ఇసుకలోని తడి కూడా అందులో లెక్కే. పని జారుగా సాగాలని పైపు వదిలేస్తున్నారు. ఎక్కువైన నీరు ఆరిపోయి రంధ్రాలు మిగులుస్తుంది. వాననీరు, సముద్రతీరంలో ఉప్పు గాలి ఆ తోవనే చువ్వను చేరతాయి. తక్కువ నీళ్లతోనే మాలు జారేలా చేసే ప్లాస్టిసైజర్ కొనదగిన మందు. దానినైనా కొలిచే కలపాలి. త్వరగా గట్టిపడుతుందని క్యాల్షియం క్లోరైడు కలిపితే మాత్రం ఇనుము తుప్పుపడుతుంది.

ప్రభుత్వ సాయంతో కట్టే ఇళ్లకు బిల్లు రాసే ఇంజనీర్లు చువ్వల లెక్కతో పాటు నీళ్ల లెక్కా చూడాలి. స్లాబు వేసిన వారానికి మరోసారి వచ్చి తడి ఉందో లేదో చూసి వెళ్లాలి. డబ్బాలో ఏముందో, దేనికి పనికిరాదో దుకాణదారులు తెలుగులో రాసిచ్చేలా అధికారులు కట్టడి చేయాలి.