"తిరస్కరించబడినది" సరే, తిరస్కరించిందెవరు?



మన గ్రూపులో ఎవరైనా "ఇవ్వబడింది", "చేయబడింది" అని రాస్తే చాలు, కింద ఒకరొచ్చి "అది తెలుగే కాదు, కర్మణి ప్రయోగం వాడకూడదు" అని సరిదిద్దుతున్నారు. పదో తరగతిలో కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చమని మార్కులేస్తారు, బయటికొచ్చాక వాడొద్దంటారు! నన్నడిగితే ఇది తప్పొప్పుల గొడవ కాదు. పని చేసినవాళ్ళు వాక్యంలో కనిపించాలా వద్దా, అదీ చూడాల్సింది.

పోడు భూమికి హక్కు పత్రం అడిగితే "మీ క్లెయిము తిరస్కరించబడినది" అని ఒక్క ముక్క వస్తుంది. ఎవరు తిరస్కరించారు? గ్రామసభా, సబ్ డివిజన్ కమిటీనా, జిల్లా కమిటీనా? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ కాదంటే సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ కాదంటే జిల్లా కమిటీకి 60 రోజుల్లోగా అర్జీ పెట్టుకోవచ్చు. జిల్లా కమిటీదే ఆఖరి మాట. కాదన్నదెవరో, ఏ తేదీనో తెలియకపోతే అర్జీ ఎవరికివ్వాలి, రోజులు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి? అంటే ఆ "బడినది" వెనకాల ఒక కుటుంబం భూమి ఉంది.

అలాగని "బడు" తీసేస్తే సరిపోదు. ఆ కాగితం చదివి మనం "కొట్టేశారంట అవ్వా" అంటాం. అందులో "బడు" లేదు, కర్తా లేడు. దాచాలనుకుంటే తెలుగులో "శారు" చాలు. కాబట్టి "బడు" కనపడగానే ఎగబడే తమ్ముళ్ళు ("కనపడు"లో ఉన్నది కర్మణి కాదులెండి) కాస్త ఆగాలి.

కర్మణి అక్కరకొచ్చే చోట్లూ ఉన్నాయి. నిజనిర్ధారణ రిపోర్టులో "ఈ సంగతి కమిటీకి తెలియజేయబడింది" అని రాస్తే, చెప్పినాయనకు రేపు ఊళ్ళో ఇబ్బంది రాదు. అక్కడ దాచడమే న్యాయం.

గిడుగు రామమూర్తి గారికి ఆగస్టు 29న అందరూ దండలేస్తారు. వాడుక తెలుగు కోసం పోరాడిన ఆయనే సవర భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు కూడా రాశారు. బడికెళ్ళని మనుషుల మాటకూ వ్యాకరణం ఉంటుందని ఆయనకి తెలుసు. మనకే, పాఠంలో చెప్పింది తప్ప ఇంకోటి ఉండదని భయం.

ఈసారి ఊళ్ళో ఎవరికైనా అలాంటి కాగితం వస్తే, సమాచార హక్కు దరఖాస్తులో ఇలా రాయండి: "నా క్లెయిమును ఏ కమిటీ, ఏ తేదీన, ఏ కారణంతో తిరస్కరించింది? ఆ తీర్మానం నకలు ఇవ్వండి."