మౌనానికి నాలుగక్షరాల పేరు

ఆదిలాబాద్ అడవుల్లో గోండుల పక్షాన పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీమ్ చరిత్ర పురుషుడు. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని భీమ్ మాత్రం ఆయన పేరుతో అల్లిన కల్పిత పాత్ర. సినిమా పాత్రలను పదహారు ‘వ్యక్తిత్వ రకాలు’గా విడదీయడం నేటి యువతకు ఒక వినోదం. ఆ లెక్కన ఈ భీమ్‌కు ‘ఐ.ఎస్.ఎఫ్.పి.’ అన్న ముద్ర సులువుగా వేయవచ్చు: మితభాషి, కళ్ళెదుటి వాస్తవాన్ని నమ్మేవాడు, మనసు చెప్పినట్లు నడిచేవాడు, ముందస్తు ప్రణాళికకు కట్టుబడనివాడు.

కొంచెం నిదానించి చూడండి. అడవి మృగాలను పట్టి తెచ్చి, సమయం చూసి గవర్నరు భవనం మీదికి వదిలినవాడు ప్రణాళిక లేనివాడా? ఇక ఢిల్లీలో అతడు అక్తర్ అనే మెకానిక్‌గా, మారుపేరుతో, పోలీసుల నడుమ బతుకుతున్నాడు. నోరు జారితే మల్లి దక్కదు. అజ్ఞాతంలో ఉన్నవాని మౌనం స్వభావమా, అవసరమా? అసలు భీమ్ జీవితమూ ఇదే చెబుతుంది. హత్యానేరం మీద పడి ఊరు విడిచిన ఆ యువకుడు అస్సాం తేయాకు తోటల దాకా వెళ్ళి, తిరిగి వచ్చి పన్నెండు గూడేలకు నాయకుడయ్యాడు. మనిషి ఒక్కడే, పరిస్థితులు వేరు.

ఈ పదహారు రకాల పద్ధతిని రూపొందించినవారు అమెరికాకు చెందిన కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్. ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. 1921లో వెలువడిన కార్ల్ యుంగ్ గ్రంథం వారికి ఆధారం. కొన్ని వారాల తర్వాత అదే పరీక్ష మళ్ళీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారిపోతుంది. సినిమా పాత్ర విషయంలో ఇది కాలక్షేపమే. దానితో నాకు పేచీ లేదు.

నా ఆందోళన వేరు. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో చదువుకుంటున్న పిల్లవాడు నలుగురిలోకి రావడం మానేస్తాడు. ‘నేను ఇంట్రోవర్ట్‌ను’ అంటాడు, ఇంట్లోవారు ‘వాడి తత్వమే అంత’ అని సరిపెట్టుకుంటారు. మితభాషిత్వం జబ్బు కాదు. చిన్ననాటి నుంచి తక్కువ మాట్లాడేవాడు తనకిష్టమైన పని, తనవారైన ఒకరిద్దరు ఉంటే హాయిగానే ఉంటాడు. నిన్నమొన్నటి దాకా క్రికెట్ ఆడినవాడు బ్యాటు ముట్టడం లేదంటే సంగతి వేరు. రోజులో ఎక్కువ భాగం దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దానితోపాటు నిద్ర, ఆకలి తప్పడం, ‘నేనెందుకూ పనికిరాను’ అనడం రెండు వారాలు దాటి కొనసాగితే అది కుంగుబాటు కావచ్చు. (థైరాయిడ్ లోపం కూడా ఇలాగే మందకొడితనం తెస్తుంది, రక్తపరీక్ష చేయించండి.) చావు మాట ఎత్తితే రెండు వారాలు కూడా ఆగవద్దు. అతణ్ణి ఒంటరిగా వదలకుండా ఆనాడే వైద్యుని వద్దకు తీసుకెళ్ళండి.

‘నీ టైపు ఏమిటి’ అని కాక, ‘ఎప్పటి నుంచి ఇలా ఉంది, అప్పుడేమైంది’ అని అడగండి. పరీక్ష తప్పిందా, అప్పు చేశాడా, హాస్టల్లో ఎవరైనా వేధిస్తున్నారా? జవాబు వెంటనే రాకపోవచ్చు, మరునాడు మళ్ళీ అడగండి. మీతో చెప్పుకోలేకపోతే ప్రభుత్వ టెలి మానస్ సేవ ఉంది: 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.