తేనెటీగ వేషంలో ఈగ

శిశిరం వెనుదిరిగి, వసంతం ఇంకా పూర్తిగా అడుగిడని రోజులవి. మామిడి పూత సువాసన కళాశాల ఆవరణమంతటా వ్యాపించి ఉన్నది. వసతిగృహం వంటకోసం ప్రహరీగోడ ప్రక్కన వేసిన కొత్తిమీర మడి పూతకు వచ్చి, తెల్లని దుప్పటి పరచినట్లు కనిపిస్తున్నది. ఆ పూలపై నలుపు, పసుపు చారలు గల చిన్న కీటకాలు వాలుతూ లేస్తూ ఉన్నాయి. ఆ దారిన పోతున్న విద్యార్థి ఒకడు "తేనెటీగలు!" అని కేక వేశాడు. అంతే, క్షణంలో ఆ దారి నిర్మానుష్యమైంది. "ఏదైనా మందు చల్లించవయ్యా" అని తోటమాలితో అన్నవారిలో మేమూ ఒకరము. మరునాడు మందు చల్లడం జరిగింది. సాయంకాలానికి మడి నిశ్శబ్దమైంది.

జంతుశాస్త్రం బోధించే మిత్రులొకరు రాలిన కీటకాలను తెల్లకాగితంపై పరచి మమ్మల్ని పిలిచారు. భూతద్దం చేతికిచ్చి, "రెక్కలు లెక్కించండి" అన్నారు. పద్యపాదంలో గణాలు లెక్కించడమే గాని కీటకాల రెక్కలు లెక్కించే అలవాటు మాకు లేదు. అయినా లెక్కించాము. సగానికి మించి వాటికి రెండే రెక్కలు! అవి తేనెటీగలు కావు. కుట్టడానికి ముల్లే లేని ఈగలు. మిగిలినవి తేనెటీగలే. కాని అవి మాత్రం చేసిన అపరాధమేమి? పూవుపై తన పని తాను చేసుకొనే తేనెటీగ, నలిపితేనో పట్టుకుంటేనో తప్ప సాధారణంగా కుట్టదు. ఆనాడు మాకు కలిగిన సిగ్గే ఈ వ్యాసానికి కారణం.

ఆ రెండు రెక్కల కీటకాన్ని వ్యవసాయశాస్త్రజ్ఞులు సిర్ఫిడ్ ఈగ అంటారు. అది తేనెటీగ వేషం ధరించడం వెనుక ఒక చరిత్ర ఉన్నది. అమెజాన్ అడవులలో పదకొండేళ్లు గడిపిన హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఆంగ్లేయుడు, నిరపాయమైన ప్రాణి అపాయకరమైన ప్రాణి రూపాన్ని పొందడం ఎట్లా సంభవిస్తుందో 1862లో ప్రకటించిన పరిశోధనలో వివరించాడు. ఆయన ఉదాహరణలు సీతాకోకచిలుకలు. కాని సూత్రం ఈ ఈగకూ వర్తిస్తుంది. ఒకసారి ముల్లు దెబ్బ తిన్న పక్షి చారల కీటకాన్ని మరల ముట్టదు. చారలు ఎక్కువగా పోలిన ఈగలు బ్రతికి సంతానాన్ని కన్నాయి. పోలనివి పక్షుల పాలైనాయి. తరతరాలుగా జరిగిన ఈ వడపోతయే ఆ వేషాన్ని దిద్దింది. పక్షిని ఏమార్చడానికి ఏర్పడిన చారలను చూచి, చదువుకున్న మనమూ ఏమారుతున్నాము.

మరి గుర్తించడం ఎట్లా? తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండే. ఈగకు వెనుక రెక్కల స్థానంలో చిన్న గుబ్బల వంటివి మాత్రమే ఉంటాయి. అయితే తేనెటీగ ముందు రెక్క, వెనుక రెక్క సన్నని కొక్కేలతో కలిసిపోయి ఒకటిగానే కనిపిస్తాయి. కావున పూవుపై ఉన్నదానిని పరీక్షించడానికి ముఖమే మేలైన సాక్ష్యం. ఈగ తలలో అధికభాగం కన్నులే. స్పర్శశృంగాలు ఉన్నవో లేవో అన్నంత పొట్టివి. పూలపై తిరిగే తేనెటీగ కన్నులు తలకు రెండు ప్రక్కల ఉంటాయి. స్పర్శశృంగాలు పొడవుగా, మోచేయి వలె వంగి ఉంటాయి. తేనెటీగ వెనుక కాళ్లకు పుప్పొడి ముద్దలు కనిపిస్తే ఇక సందేహమే లేదు. ముద్దలు లేనంత మాత్రాన అది ఈగ అని మాత్రం నిర్ణయించరాదు. ఇక నడత విషయం. సిర్ఫిడ్ ఈగ దారంతో వ్రేలాడదీసినట్లు గాలిలో ఒకేచోట నిలిచి, చటుక్కున ప్రక్కకు తప్పుకొని, మరల నిలుస్తుంది. తేనెటీగకు అంత తీరిక లేదు. ఒక పూవు నుండి మరొక పూవుకు సాగిపోతూనే ఉంటుంది.

ఈ పొరపాటులో మన భాషలకూ కొంత భాగం ఉన్నదేమో! తెలుగులో తేనెటీగ అంటే తేనె ఈగ. ఉర్దూలో షహద్ కీ మక్ఖీ. సంస్కృతంలో మధుమక్షిక. మూడింటిలోనూ ఈగ దాగి ఉన్నది. కుట్టే కందిరీగను కూడ మనం ఈగలలోనే చేర్చాము. అరబీలో మాత్రం తేనెటీగకు నహ్ల్ అని, ఈగకు జుబాబ్ అని వేర్వేరు పదాలు. పవిత్ర ఖుర్‌ఆన్‌లోని 16వ అధ్యాయం నహ్ల్ పేరునే ధరించింది. పేరులో బేధం ఉన్నా లేకున్నా, బేధాన్ని చూడవలసినది కన్నే.

చూడకపోతే పండితులైనా పొరబడతారు. చచ్చిన ఎద్దు కళేబరం నుండి తేనెటీగలు పుడతాయని ప్రాచీన గ్రీకులు, రోమనులు విశ్వసించారు. రోమను మహాకవి వర్జిల్ ఆ పద్ధతిని కావ్యంలోనే వర్ణించాడు. కుళ్లిన తడిలో పెరిగి బయటికి వచ్చేది తేనెటీగను పోలిన ఎరిస్టాలిస్ అనే సిర్ఫిడ్ ఈగ అని, ఈ భ్రమకు అదే మూలమని ఓస్టెన్ సాకెన్ అనే కీటకశాస్త్రజ్ఞుడు 1894లో వాదించాడు. ఆ వాదం నిజమైతే, శతాబ్దాల విశ్వాసం రెండు రెక్కల లెక్కతో తేలిపోయేదన్నమాట!

ఇది కేవలం కుతూహలం తీర్చుకొనే విషయం కాదు. సిర్ఫిడ్ ఈగలలో పలు జాతుల పిల్లపురుగులు పంటను పీల్చే పేనుబంకను వందల కొద్దీ భక్షిస్తాయి. పెద్ద ఈగ పుప్పొడిని పూవు నుండి పూవుకు చేరుస్తుంది. మామిడి కాపులో తేనెటీగలతోపాటు ఈగల పాత్ర కూడ గణనీయమైనది. పేనుబంకను చంపే మిత్రుని మనమే చంపి, ఆ తరువాత పేనుబంకకు మందు కొంటున్నాము.

అట్లని చారల కీటకాన్ని చూచి "ఈగే కదా" అని చేయి చాచడమూ అవివేకమే. ఎత్తైన చెట్లకు, భవనాలకు పట్టు పెట్టే పెద్ద తేనెటీగలు రేగినప్పుడు ప్రాణాపాయం కలిగించగలవు. ఆ పట్టుపై రాయి విసరడం సాహసం కాదు, మూర్ఖత్వం. భయపడవలసిన చోట భయపడడానికైనా తెలిసి ఉండాలి గదా!

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం రెండే మాటలు. ఆవరణలో ఏ మొక్క అయినా పూతమీద ఉన్నప్పుడు పురుగుమందు చల్లించవద్దు. వచ్చే ఏడాది సామగ్రి జాబితాలో కొన్ని భూతద్దాలు చేర్చండి. వాటి ఖరీదు మందు డబ్బాల ఖరీదును మించదు. విద్యార్థులారా! నాలుగు రెక్కలు, రెండు రెక్కలు అని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవారు మీలో చాలమంది ఉన్నారు. ఆనాడు కేక విని పరుగెత్తినవారిలోనూ మీరున్నారు. పుస్తకాలు చదివిన మేమూ ఉన్నాము. వేషం చూచి తీర్పు చెప్పడం ఎంత సులభమో, మన తీర్పుకు బలియైనవానికి తిరిగి ప్రాణం పోయడం అంత అసాధ్యం.

వచ్చే మాఘమాసానికి ఆ గోడ ప్రక్కనే మరల కొత్తిమీర చల్లమని తోటమాలితో చెప్పి ఉంచాము. పూత వచ్చిననాడు మీరు రండి. రెండడుగుల దూరంలో నిలబడి, మొదట ముఖం చూడండి.