పంట కాపలా తుపాకీ దయ కాదు, హక్కు

వేరుశనగ కాయ ఊరే వేళ, మొక్కజొన్న కంకి పాలు పట్టే వేళ అడవి పందుల మంద చేలో పడిందంటే తెల్లారేసరికి పెట్టుబడి మట్టిపాలే. డబ్బాలు కొట్టాం, చుట్టూ పాత చీరలు కట్టాం, టపాకాయలు పేల్చాం. నాలుగు రాత్రులు పోయేసరికి పందులు వాటికి అలవాటు పడ్డాయి. పంట కాపలాకు తుపాకీ లైసెన్సు ఇమ్మని దరఖాస్తు పెట్టుకుంటే ఆఫీసుల్లో మనకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: రైతుకు తుపాకీ ఎందుకు?

దీనికి జవాబు 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికే మూతి నుంచి మందు కూరే తుపాకీ కావాలని పౌరుడు అడిగితే లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్ చెబుతోంది. 'ఇవ్వవచ్చు' అనలేదు, 'ఇవ్వాలి' అంది. ఆ తుపాకీ చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే రకం నున్నగొట్టం తుపాకీకి కూడా లైసెన్సు ఇవ్వవచ్చని అక్కడే ఉంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని 14వ సెక్షన్ అంటోంది. కౌలు రైతులు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

ఇంతకీ మనం అడుగుతున్నది ఏ పాటి ఆయుధం? గొట్టం మూతిలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి, టోపీ పెట్టి పేల్చాలి. ఒక్క దెబ్బ పేలితే మళ్లీ మొదటి నుంచి అంతా చేసుకోవాలి. నడుముకు దోపుకొని తిరిగేది కాదు, వరసగా గుళ్లు కురిపించేది కాదు. గుండు లేకుండా మందు ఒక్కటే పేల్చినా ఆ చప్పుడుకు, పొగకు మంద చెదురుతుంది. తుపాకుల్లో ఇంతకంటే సాదాది లేదు.

అమెరికాలో ఇలాంటి తుపాకీని సరదాకి కొంటారు. ఫ్యాక్టరీలో తయారైన చవక రకం ఒకటి తెచ్చుకొని సెలవు రోజున గురి చూసి కాల్చి ఆనందిస్తారు. నల్లమందుతో పేలే ఈ రకాన్ని అక్కడి 1968 కేంద్ర చట్టం మామూలు తుపాకుల లెక్కలోంచే తప్పించింది. అమెరికా తుపాకీ సంస్కృతి మనకు వద్దు. కానీ ఒక దేశంలో ఆటవస్తువుగా చెలామణి అయ్యేది, ఇక్కడ పంట కాపాడుకునే రైతు చేతిలో పడేసరికి శాంతిభద్రతల సమస్య ఎలా అవుతోంది? మన దేశంలోనూ అంతర్జాతీయ పతకాలు గెలిచిన షూటర్లు 12 ఆయుధాల దాకా ఉంచుకోవడానికి 2020లో కేంద్రం వీలు కల్పించింది. వారి మీద మనకు ఈర్ష్య లేదు. ఆటకు దొరికిన మన్నన అన్నం పండించే పనికి ఎందుకు దొరకదన్నదే మన ప్రశ్న.

జనం చేతికి తుపాకులిస్తే నేరాలు పెరుగుతాయని భయపెట్టేవారు కర్ణాటకలోని కొడగు వైపు చూడాలి. కొడవలకు, అక్కడి జమ్మా భూముల వారికి అసలు లైసెన్సే అక్కర్లేదన్న మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది. మనం అడుగుతున్నది మినహాయింపు కూడా కాదు, నిబంధనల ప్రకారం లైసెన్సు.

లైసెన్సు రాని చోట ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగుతున్నారు. పంది కోసం పెట్టిన తీగ తగిలి పక్క చేను రైతు, పశువుల కాపరి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. తీగ పెట్టినవాడు జైలుకు పోతున్నాడు. రెండు కుటుంబాలు వీధిన పడుతున్నాయి. కరెంటు తీగకు మనిషెవరో పందేదో తెలియదు. తుపాకీ పట్టినవాడికి తెలుస్తుంది. తీగ పెట్టవద్దని, లైసెన్సు లేని నాటు తుపాకీ ముట్టవద్దని మన సభ్యులందరికీ గట్టిగా చెబుతున్నాం.

లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును చంపే హక్కు రాదు. దానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద వేరే అనుమతి ఉండాలి. కేరళ ప్రభుత్వం 2022లో పందుల విషయంలో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తెచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అనుమతి ఊళ్లోనే, పంట ఉండగానే చేతికి అందాలి.

మన డిమాండ్లు ఇవి. పంట కాపలా దరఖాస్తులను మూలన పడేయకుండా గడువులోగా తేల్చాలి. గడువులోగా పోలీసు రిపోర్టు రాకపోయినా ఉత్తర్వు ఇచ్చే వీలు చట్టంలో ఉంది కాబట్టి ఆ సాకు చెల్లదు. లైసెన్సు పొందినవారికి తుపాకీ జాగ్రత్తగా వాడటంలో ప్రభుత్వమే శిక్షణ ఇప్పించాలి.

సభ్యులు చేయాల్సిన పనీ ఉంది. నోటిమాటగా 'కుదరదు' అంటే తిరిగి రాకండి. దరఖాస్తు రాతలో ఇచ్చి రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం కాగితం మీద అడగండి; 14వ సెక్షన్ ప్రకారం అధికారి కారణాలు నమోదు చేసి తీరాలి. ఆ కాగితంతో 18వ సెక్షన్ కింద అప్పీలు చేయవచ్చు. ఒక్కొక్కరుగా వెళితే తిప్పి పంపుతారు. ఊరంతా కలిసి, ఒకే రోజు, దరఖాస్తులతో కదలాలి.